బిల్లుకన్నా ముందు పని గురించి అడిగే పన్ను సేవ: అద్దె ఇంటి మరమ్మతుల లెక్కలో రెండేళ్ల అనుభవం

అమెరికాలో ఇల్లు కొనుక్కుని, కొన్నేళ్లు అందులో ఉండి, ఉద్యోగం మారినప్పుడు అమ్మడానికి మనసొప్పక దాన్ని అద్దెకిచ్చి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మాదీ అలాంటి కుటుంబమే. డాలస్‌కు ఉత్తరాన ఉన్న మా ఇంటిని 2021 జనవరిలో అద్దెకిచ్చాం. అప్పటి నుంచి ప్రతి ఏటా రిటర్ను వేసే వేళకు నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఒక్కటే: ఇంటి మీద పెట్టిన ఖర్చులో ఏది మరమ్మతు, ఏది మెరుగుదల? మరమ్మతు అయితే ఆ ఏడాది అద్దె ఆదాయంలోంచి మొత్తంగా తీసివేయవచ్చు. మెరుగుదల అయితే దాన్ని ఆస్తి విలువకు కలిపి, నివాసపు అద్దె భవనాలకు నిర్ణయించిన 27.5 ఏళ్లలో తరుగుదలగా కొంచెం కొంచెం తీసుకోవాలి. ఈ తేడాను శ్రద్ధగా చూస్తూ రిటర్నులు తయారుచేసే ఒక ఎన్‌రోల్డ్ ఏజెంటు సేవను నేను 2023, 2024 సంవత్సరాల రిటర్నులకు వాడుకున్నాను. 2022 రిటర్నుకు సవరణ కూడా ఆవిడే వేశారు. ఆ సేవ గురించే ఈ సమీక్ష. ఒక్కరే నడుపుకునే చిన్న కార్యాలయం కావడం వల్ల, పేరు రాయవద్దని ఆవిడ కోరారు కాబట్టి రాయడం లేదు. అయితే ఇలాంటి సేవలో ఏం చూసుకోవాలో తెలిసేలా, జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

ముందుగా 2022 సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ అనుభవం లేకపోతే ఈ సేవ విలువ నాకు తెలిసేది కాదు. ఆ ఏడాది జూన్‌లో అద్దెకున్నవారు ఖాళీ చేశారు. గోడల మీద మరకలు, మేకుల రంధ్రాలు చాలా ఉండడంతో ఇంటి లోపల అంతా రంగు వేయించాం, 3,200 డాలర్లు అయింది. జూలైలో, కొత్తవారు దిగిన వారానికే, ఏసీ పూర్తిగా ఆగిపోయింది. బయటి యూనిట్, లోపలి కాయిల్, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ మూడూ మార్చాల్సి వచ్చింది. దానికి 9,400 డాలర్లు కట్టాం. ఏసీ కంపెనీ ఇచ్చిన బిల్లు పైభాగంలో పని వివరం ఉండాల్సిన చోట 'ఏసీ రిపేర్' అని రాసి ఉంది. నేను ఆ ఏడాది, పన్నుల కాలంలో మాత్రమే మనుషుల్ని పెట్టుకునే ఒక కార్యాలయానికి వెళ్లాను. అక్కడ కూర్చున్న వ్యక్తి నా బిల్లులు వరుసగా పెట్టుకుని, ఒక్కొక్క దాని మీద ఉన్న పేరు, మొత్తం మాత్రమే చూశారు. ఏసీ బిల్లు మీద రిపేర్ అని ఉంది కాబట్టి 9,400 మొత్తాన్నీ మరమ్మతుల వరుసలో వేశారు. రంగు ఖర్చు 2,500 దాటింది కాబట్టి దాన్ని మెరుగుదలగా చూపించి తరుగుదల పట్టికలో పెట్టారు. రెండూ తప్పే, అవి కూడా ఎదురెదురు దిశల్లో ఉన్న తప్పులు. ఆ రోజు నాకు అది తెలియదు. పని అరగంటలో అయిపోయిందని సంతోషించాను కూడా.

2024 జనవరిలో, ఒక స్నేహితుడి మాట మీద, ఈ ఎన్‌రోల్డ్ ఏజెంటు దగ్గరకు వెళ్లాను. ఎన్‌రోల్డ్ ఏజెంటు అంటే అమెరికా పన్నుల శాఖ ఐ.ఆర్.ఎస్. పెట్టే మూడు భాగాల పరీక్ష రాసి, లేదా ఐ.ఆర్.ఎస్.లో తగినంత కాలం పనిచేసి, ఆ సంస్థ ఎదుట పన్ను చెల్లింపుదారు తరఫున వాదించే అర్హత పొందినవారు. డబ్బు తీసుకుని రిటర్నులు తయారుచేసే ప్రతి ఒక్కరికీ పి.టి.ఐ.ఎన్. అనే సంఖ్య ఉండి తీరాలి గానీ, ఆ సంఖ్య ఉన్న అందరికీ ఈ అర్హత ఉండదు. ఆవిడ తెలుగువారే కావడం నాకు కలిసివచ్చింది. నేను సంచిలోంచి బిల్లుల కట్ట తీసి బల్ల మీద పెట్టగానే ఆవిడ దాన్ని పక్కకు జరిపి, "బిల్లులు తర్వాత చూద్దామండీ. ముందు ఇంట్లో ఏం పాడైంది, ఏం చేయించారు, చేయించాక అది ముందున్నట్టే ఉందా, ముందుకన్నా ఎక్కువైందా, అది చెప్పండి" అన్నారు. ఆ మాటలోనే ఈ విషయం సగం ఉందని నాకు తర్వాత అర్థమైంది.

ఆవిడ చెప్పిన పద్ధతి ఇది. ఆస్తుల మీద ఖర్చులకు సంబంధించి 2013లో ఖరారై, 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ఒక పని మెరుగుదల కావాలంటే మూడింటిలో ఏదో ఒకటి జరగాలి. ఆస్తి ముందుకన్నా మెరుగు కావాలి, అంటే పెద్దది కావడమో, బలపడడమో, సామర్థ్యం పెరగడమో, కొనేనాటికే ఉన్న పెద్ద లోపం తొలగిపోవడమో జరగాలి. లేదా, ఒక ప్రధాన భాగాన్ని మొత్తంగా మార్చడం వంటి పునరుద్ధరణ జరగాలి. లేదా, ఆ ఆస్తిని కొత్త రకం ఉపయోగానికి మార్చాలి. వీటిలో ఏదీ జరగకుండా, ఆస్తి మామూలుగా పనిచేసే స్థితిలో ఉండేలా చూసుకోవడానికి చేసే ఖర్చు మరమ్మతు. ఇందులో మరో మెలిక ఉంది. ఈ పరీక్షను ఇల్లు మొత్తానికి ఒకేసారి పెట్టరు. గోడలు, కప్పు, పునాది కలిసిన నిర్మాణానికి విడిగా, ఏసీ-హీటింగ్ వ్యవస్థకు విడిగా, నీటి గొట్టాల వ్యవస్థకు విడిగా, కరెంటు వ్యవస్థకు విడిగా, ఇలా ఒక్కొక్క వ్యవస్థకూ వేరుగా పెట్టాలి. ఆ వ్యవస్థలో ఎంత భాగం మారిందన్నదే ముఖ్యం. నిబంధనల్లోనే ఇచ్చిన ఉదాహరణలు ఆవిడ నాకు చూపించారు: ఒక భవనంలో 300 బయటి కిటికీలుండగా 100 మార్చితే అది పునరుద్ధరణ కాదు, 200 మార్చితే అవుతుంది, మూడు ఫర్నేసులున్న భవనంలో ఒకటి పాడై మార్చితే అదీ పునరుద్ధరణ కాదు. "మరి మీ ఇంట్లో ఎన్ని ఏసీలున్నాయి?" అని అడిగారు. ఒకటే. ఆ ఒక్కటీ లోపలా బయటా మొత్తంగా మారింది. బిల్లు మీద కంపెనీవారు ఏ పేరు రాసుకున్నా, ఆ వ్యవస్థలో పాతదేమీ మిగలనప్పుడు అది మరమ్మతు కాదు. అదే 2023లో ఆ కొత్త ఏసీ ఫ్యాన్ మోటారు మార్చడానికి ఇచ్చిన 380 డాలర్లు మాత్రం మరమ్మతే.

రంగు విషయంలో ముందటి కార్యాలయం చేసిన పొరపాటు ఇంకా ఎక్కువమంది చేసేదని ఆవిడ అన్నారు. నేను తర్వాత నలుగురు స్నేహితుల్ని అడిగితే ముగ్గురు అదే నమ్ముతున్నారు కూడా. 2,500 డాలర్లు దాటితే మెరుగుదల, దాటకపోతే మరమ్మతు అని చాలామంది అనుకుంటారు. ఆ 2,500 అన్నది డి మినిమిస్ సేఫ్ హార్బర్ అనే ఒక వెసులుబాటుకు ఉన్న పరిమితి. తనిఖీ చేయించిన ఆర్థిక నివేదికలు లేని మనలాంటివారికి అది మొదట 500 డాలర్లే ఉండేది, 2016 నుంచి 2,500 అయింది. ఒక వస్తువు ఖరీదు, అదే ఇన్వాయిస్‌లో ఉన్న బిగింపు కూలితో సహా, ఆ పరిమితి లోపల ఉంటే, అది స్వభావరీత్యా మెరుగుదలే అయినా ఆ ఏడాదే ఖర్చు రాసుకోవచ్చు. పరిమితి దాటినంత మాత్రాన ఆ ఖర్చు మెరుగుదల అయిపోదు. ఆ వెసులుబాటు వర్తించదు, అంతవరకే. అప్పుడు మళ్లీ పైన చెప్పిన అసలు పరీక్షకు వెళ్లాలి. ఖాళీ అయిన ఇంటికి మళ్లీ రంగు వేయించడం ఆ పరీక్షలో మరమ్మతుగానే తేలుతుంది, అది 3,200 అయినా, 5,000 అయినా. ఈ ఒక్క మాట స్పష్టంగా చెప్పినందుకే ఆవిడకు ఇచ్చిన ఫీజు నాకు చెల్లిందని అనుకుంటాను.

సవరణ రిటర్ను వేసేటప్పుడు ఆవిడ చూపిన నిజాయితీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా ఇద్దరి జీతాలు కలిపితే 1,50,000 డాలర్లు దాటుతాయి. అద్దె ఇంటి నష్టాన్ని జీతాలతో సర్దుకోవడానికి చట్టం ఇచ్చే 25,000 డాలర్ల వెసులుబాటు, సవరించిన స్థూల ఆదాయం 1,00,000 దాటినప్పటి నుంచి తగ్గుతూ వచ్చి, 1,50,000 దగ్గర పూర్తిగా పోతుంది. అంటే మా ఇంటి మీద చూపిన నష్టం ఆ ఏడాది పన్ను తగ్గించలేదు, ఇలా ఆగిన నష్టాల లెక్క చూపే ఫారం 8582 ద్వారా రాబోయే సంవత్సరాలకు మోసుకుపోతోంది. ఆవిడ లెక్క కట్టి చూపించారు: పాత రిటర్నులో ఏసీకి 9,400, రంగు తరుగుదలకు 63, మొత్తం 9,463 డాలర్లు తీసివేశారు. సరైన లెక్కలో రంగు ఖర్చు 3,200, జూలైలో వాడుకలోకి వచ్చిన ఏసీకి మొదటి ఏడాది తరుగుదల 157, మొత్తం 3,357 మాత్రమే. తేడా 6,106 డాలర్లు. "దీనివల్ల మీరు కట్టే పన్ను ఈ ఏడాది ఒక్క డాలరు కూడా మారదండీ. మోసుకొస్తున్న నష్టం మాత్రం ఇంత తగ్గుతుంది. ఇల్లు అమ్మిన రోజున ఈ అంకె బయటికొస్తుంది. అప్పుడు సర్దుకోవడం చాలా కష్టం" అని చెప్పి, సవరణకు విడిగా 250 డాలర్లవుతుందని, వేయడమా మానడమా నన్నే ఆలోచించుకోమన్నారు. డబ్బు వెనక్కి వచ్చే పని కాదని తెలిసీ నేను వేయించాను. తప్పు ఒక్క ఏడాది రిటర్నులోనే ఉంది కాబట్టి సవరణతో సరిపోయిందని, అదే తప్పు వరుసగా రెండేళ్ల రిటర్నుల్లో ఉండి ఉంటే లెక్క పద్ధతి మార్చుకుంటామని కోరే ఫారం 3115 అనే వేరే దారిలో వెళ్లాల్సి వచ్చేదని కూడా ఆవిడ చెప్పారు.

పన్ను ఎలాగూ మారనప్పుడు ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలని మా ఆవిడ అడిగింది. నాకూ అదే సందేహం ఉంది కాబట్టి ఆ ప్రశ్న అలాగే ఏజెంటుకు పంపించాం. జవాబు సూటిగా వచ్చింది. మెరుగుదలగా చూపించిన దాని మీద తీసుకున్న తరుగుదల, ఇల్లు లాభానికి అమ్మినప్పుడు, 25 శాతం వరకు రేటుతో మళ్లీ పన్ను కిందకు వస్తుంది. మరమ్మతుగా తీసివేసిన ఖర్చు అలా తిరిగి రాదు. ఇల్లు పూర్తిగా అమ్మేసిన ఏడాది, అప్పటివరకు ఆగిపోయి ఉన్న నష్టమంతా జీతం వంటి ఇతర ఆదాయంతో కూడా సర్దుకోవచ్చు. కాబట్టి ఏ ఖర్చు ఏ గంపలో పడిందన్నది ఈ రోజు కనిపించకపోయినా, అమ్మే రోజున తప్పకుండా కనిపిస్తుంది.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చిన సందర్భం 2023 వంటగది లెక్క. ఆ ఏడాది అక్టోబరులో ఇల్లు మళ్లీ ఖాళీ అయింది. వంటగది అల్మరాలు తడికి ఉబ్బిపోయి ఉండడంతో ఒక కాంట్రాక్టరుకు అప్పగించాం. ఆయన పని బాగానే చేశాడు గానీ, బిల్లు మాత్రం ఒకే వరుసలో ఇచ్చాడు: వంటగది రీమోడల్, కూలీ, సామగ్రి కలిపి 17,300 డాలర్లు. నేను దాన్ని అలాగే స్కాన్ చేసి పంపాను. మర్నాడు ఆవిడ ఫోన్ చేసి, "17,300లో వంటగది బయట చేసిన పని ఏమైనా ఉందా?" అని అడిగారు. నిజానికి ఉంది. కాంట్రాక్టరు మనుషులు ఎలాగూ వచ్చారు కదా అని రెండు పడకగదులకు, నడవాకు రంగు వేయించాం, ఒక తలుపు మడతబందులు బాగుచేయించాం, స్నానాల గదిలో కారుతున్న కొళాయి సరిచేయించాం. డిష్‌వాషరు కూడా ఆయన ద్వారానే కొన్నాం. ఇదంతా ఒక్క అంకెలో కలిసిపోయింది. కాంట్రాక్టరును అడిగి, జరిగింది జరిగినట్టుగా వరుసల వారీగా మళ్లీ రాయించుకుని పంపమన్నారు. "తగ్గించి రాయించొద్దండీ, ఒకే పనిని ముక్కలు చేయించొద్దు, అది చెల్లదు. ఏ పనికి ఎంతయిందో అదే రాయమనండి" అని గట్టిగా చెప్పారు.

కాంట్రాక్టరు ఇచ్చిన వివరం ఇలా ఉంది. అల్మరాలు, బండలు, వాటికి నీటి గొట్టాలు మళ్లీ కలపడం 13,100. వంటగది గోడలకు పూత, రంగు 600. పాత అల్మరాలు పీకి పారవేయడం 500. పడకగదులు, నడవా రంగు 1,900. మడతబందులు, కొళాయి 360. డిష్‌వాషరు బిగింపుతో సహా 840. ఈ కాగితం మీద ఆవిడ నాతో దాదాపు గంటసేపు మాట్లాడారు. అల్మరాలు, బండలు మెరుగుదల అన్నది తేలికే. వంటగది గోడల రంగు దగ్గర నేను, రంగు మరమ్మతే కదా, మీరే చెప్పారు కదా అన్నాను. ఒక మెరుగుదల పని వల్లనే అవసరమైన ఖర్చు, విడిగా చేస్తే మరమ్మతే అయినా, ఆ మెరుగుదలలోనే కలుస్తుందని ఆవిడ వివరించారు. అల్మరాలు పీకినప్పుడు పెచ్చులూడిన గోడకు వేసిన పూత, రంగు ఆ పనిలో భాగం. పడకగదుల రంగుకూ వంటగదికీ ఏ సంబంధమూ లేదు, అదే వారంలో అదే మనిషి వేసినంత మాత్రాన అది మెరుగుదల కాదు. ఇంటిని పెద్దగా బాగుచేయించే సమయంలో జరిగిన ప్రతి చిన్న ఖర్చునూ మెరుగుదలలో కలపాలన్న పాత సిద్ధాంతాన్ని ఇప్పటి నిబంధనలు పక్కన పెట్టాయట. పీకి పారవేసిన 500 కూడా మెరుగుదలలోకే వెళ్లింది. పాత అల్మరాలకు ఇంకా మిగిలి ఉన్న విలువను నష్టంగా రాసుకునే పాక్షిక తొలగింపు అనే ఎంపిక ఉందని, అలా చేస్తే పీకిన ఖర్చును కూడా అప్పుడే తీసివేయవచ్చని, కాని పాత అల్మరాల విలువ లెక్కగట్టడానికి అయ్యే శ్రమకు, నష్టాలు ఎలాగూ ఆగిపోతున్న మా పరిస్థితికి అది అప్పుడు అవసరం లేదని చెప్పి వదిలేశారు. చివరకు 14,200 డాలర్లు తరుగుదలలోకి, అంటే ఏడాదికి సుమారు 516 చొప్పున, వెళ్లాయి. 2,260 అద్దె ఆదాయం చూపే షెడ్యూల్ ఇ ఫారం 14వ వరుసలో మరమ్మతులుగా, 840 డి మినిమిస్ వెసులుబాటు కింద ఖర్చుగా వెళ్లాయి. ఒకే వరుసలో ఉన్న బిల్లును అలాగే వేసి ఉంటే ఆ 3,100 డాలర్లు కూడా 27.5 ఏళ్లకు సాగేవి.

2024లో ఈ సేవ మరో రకంగా పనికొచ్చింది. రిటర్ను వేసే కాలంలో కాకుండా, డిసెంబరు మొదటి వారంలో ఆవిడే ఫోన్ చేసి ఆ ఏడాది ఇంటి మీద ఎంత ఖర్చయిందని అడిగారు. ఒక స్నానాల గదిలో తొట్టి తీసేసి షవరు పెట్టించడం 2,900, కప్పు మీద గొట్టం చుట్టూ కారుతున్న చోట రేకు, షింగిల్సు అనే పెంకులు కొన్ని మార్చడం 650, మురుగు గొట్టం శుభ్రం చేయించడం 480. మొత్తం 4,030. నేను ఆ నెలలోనే పాత వాటర్ హీటరు కూడా మార్పిద్దామనుకుంటున్నానని, 1,900 అవుతుందని చెప్పాను. హీటరు ఇంకా పనిచేస్తోందా అని అడిగారు. పనిచేస్తోంది, పాతబడింది అంతే. "అయితే జనవరికి పెట్టుకోండి" అన్నారు.

కారణం, చిన్న పన్ను చెల్లింపుదారులకు ఉన్న మరో సేఫ్ హార్బర్. సగటు వార్షిక రాబడి కోటి డాలర్లు మించనివారు, 10 లక్షల డాలర్లు మించని మూల విలువ ఉన్న భవనం మీద ఒక ఏడాదిలో చేసిన మరమ్మతులు, నిర్వహణ, మెరుగుదలలు అన్నీ కలిపి, ఆ విలువలో 2 శాతం లేదా 10,000 డాలర్లలో ఏది తక్కువైతే దాన్ని దాటకపోతే, మొత్తాన్నీ ఆ ఏడాదే తీసివేయవచ్చు. మా ఇంటి విలువలో స్థలాన్ని మినహాయిస్తే భవనం 2,50,000 డాలర్లు, అందులో 2 శాతం 5,000. తొట్టి తీసి షవరు పెట్టడం మరమ్మతా, మెరుగుదలా అని రెండు వైపులా వాదించవచ్చు, పైగా అది 2,500 దాటింది. మొత్తం 5,000 లోపల ఉంటే ఆ వాదనే అక్కర్లేదు. ఈ మొత్తంలో డి మినిమిస్ కింద తీసివేసేవి కూడా లెక్కకు వస్తాయి కాబట్టి, హీటరు కూడా డిసెంబరులో కలిసి ఉంటే 5,930 అయ్యేది, వెసులుబాటు మొత్తంగా పోయేది. జనవరిలో పెట్టించిన హీటరు 2025 లెక్కలో డి మినిమిస్ కిందకు వస్తుంది. ఐ.ఆర్.ఎస్. అద్దె ఇళ్ల యజమానుల కోసం ఉచితంగా ఇచ్చే పబ్లికేషన్ 527లో మెరుగుదలల పట్టికలో వాటర్ హీటరు పేరుంటుంది. దాన్ని చూసి చాలామంది 1,200 డాలర్ల హీటరును కూడా 27.5 ఏళ్ల తరుగుదలలో పెడుతున్నారు. ఆ ప్రచురణ మంచిదే, నేను రెండుసార్లు చదివాను, ఈ వెసులుబాట్ల ప్రస్తావన కూడా అందులో ఉంది. అయితే పట్టిక వరకు చదివి ఆగిపోతే మాత్రం తప్పుదారి పడతాం.

లోపాలు కూడా చెప్పాలి. ఈ రెండు సేఫ్ హార్బర్లకూ ప్రతి ఏటా రిటర్నుతో పాటు, గడువులోగా, ఎంపిక చేసుకుంటున్నట్టు ఒక చిన్న ప్రకటన జతచేయాలి. పొడిగించిన గడువు ఉంటే అది కూడా చెల్లుతుంది గానీ, తర్వాత సవరణ రిటర్నుతో ఆ ఎంపిక చేసుకోవడానికి వీలుండదు. 2023 రిటర్ను చిత్తుప్రతి పంపినప్పుడు అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి గానీ ఆ ప్రకటన కాగితం లేదు. నేను ముందుగా చదువుకుని ఉండడం వల్ల పట్టుకోగలిగాను. అడిగిన వెంటనే క్షమాపణ చెప్పి జతచేశారు, 2024లో అడగకుండానే రెండు ప్రకటనలూ ఉన్నాయి. అయినా ఇంత శ్రద్ధగా లెక్క వేసేవారు ఆ ఒక్క కాగితం మరిచిపోతే మొత్తం వెసులుబాటుకే ముప్పు కాబట్టి, దీన్ని చిన్న లోపంగా తీసుకోలేను. ఎవరి దగ్గర చేయించుకున్నా సంతకం పెట్టేముందు ఆ ప్రకటన ఉందో లేదో మీరే చూసుకోండి.

ఆలస్యం మరో ఇబ్బంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు జవాబుకు నాలుగైదు రోజులు పడుతుంది. ఒకసారి పది రోజులు పట్టింది. కాగితాలు పీడీఎఫ్ రూపంలో పంపితేనే తీసుకుంటారు, వాట్సాప్ ఫొటోలు ఒప్పుకోరు. ఫీజు 2023 రిటర్నుకు 700 డాలర్లు, 2024కు 650 తీసుకున్నారు. ముందటి కార్యాలయం తీసుకున్నదానికి ఇది రెట్టింపుకన్నా కొంచెం ఎక్కువ. ఏడాదిలో రంగు, కొళాయి తప్ప మరే పనీ చేయించని యజమానికి ఈ ఖర్చు అవసరం లేదని నా అభిప్రాయం. అలాంటి ఏడాది రిటర్నును మంచి సాఫ్ట్‌వేరుతో సొంతంగా వేసుకోవచ్చు, 2021లో నేను అలాగే వేసుకున్నాను. సాఫ్ట్‌వేరు అడిగిన అంకె వేయించుకుంటుంది, ఆ అంకె వెనక ఏ పని జరిగిందో అడగదు. ఏసీ, వంటగది, కప్పు వంటి పెద్ద పని జరిగిన ఏడాది మాత్రం అడిగే మనిషి కావాలి. ఇల్లు కొత్తగా కొని అద్దెకు సిద్ధం చేస్తున్నవారికి ఇది ఇంకా అవసరం, ఎందుకంటే ఇల్లు అద్దెకు సిద్ధం కాకముందు, కొన్నప్పటి లోపాల్ని సరిదిద్దడానికి పెట్టిన ఖర్చు, చూడడానికి మరమ్మతులాగే ఉన్నా, ఇంటి విలువలోకే వెళ్తుంది.

ఈ సేవ వల్ల నాకు అలవాటైన ఒక పని కూడా చెబుతాను. ఇప్పుడు పని మొదలుపెట్టేముందు పాడైన చోటు ఫొటో, అయ్యాక మరో ఫొటో తీసి, ఇన్వాయిస్‌తో కలిపి ఒకే ఫోల్డరులో పెడుతున్నాను. కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడే, గదుల వారీగా, పనుల వారీగా విడివిడి వరుసల్లో బిల్లు ఇవ్వమని అడుగుతున్నాను. మొదట్లో ఆయన విసుక్కున్నాడు గానీ ఇప్పుడు అడగకుండానే ఇస్తున్నాడు. ఇల్లు మన పేరున ఉన్నంతకాలమూ, అమ్మిన ఏడాది రిటర్ను వేశాక కనీసం మూడేళ్లూ, మెరుగుదలల కాగితాలన్నీ దాచుకోవాలని ఆవిడ చెప్పారు.

ఈ ఏడాది చలికాలంలోపు ఇంటి కప్పు పని ఉంది. అంచనాలు రెండు వచ్చాయి, రెండింటినీ ఆవిడకు పంపాను. ఆవిడ మొదట అడిగింది ఖరీదు గురించి కాదు, పైనున్న షింగిల్సు మాత్రమే మారుస్తారా, కిందనున్న చెక్క పలకలు, వాసాలు కూడా మారుస్తారా అని. కప్పు మొత్తం మారితే అది మెరుగుదలేనని, ఒక భవనం మీద కారుతున్న పై పొరను మాత్రమే అలాంటి పొరతోనే మార్చితే మెరుగుదల కాదన్న ఉదాహరణ నిబంధనల్లో ఉన్నా, మా కప్పుకు అది సరిపోతుందో లేదో పలకలు విప్పి చూశాక గానీ చెప్పలేనని అన్నారు. మొత్తం మార్చాల్సి వస్తే, వంటగదికి వదిలేసిన ఆ పాక్షిక తొలగింపు ఎంపిక ఈసారి లాభమో కాదో లెక్కగట్టి చూస్తానన్నారు. అందుకోసం ఇల్లు కొన్నప్పటి విలువ నివేదికను, కప్పు పని చేసేవారు పలకలు విప్పిన రోజున తీయాల్సిన ఫొటోల జాబితాను అడిగారు. నివేదిక నిన్ననే పంపించాను.